తెరచాప దించిన సాయంత్రం

“సోమవారం నుంచి నువ్వు బట్టలంగట్లో కూర్చుంటాండావు. నేను మాటిచ్చి వచ్చినా.”

“ఎవుర్నడిగి ఇచ్చినావు జేజీ మాట? ఆడ కూర్చోవాల్సింది నేను గదా!”

“నిన్ను అడిగేదేంది? నీడపట్టున పని. కాళ్ళ కింద నేల. ఇంగేం గావల్ల నీకు?”

“నాకు నీళ్ళు గావల్ల.”

“నీళ్ళు గావల్లంటే బిందె తీసుకోని కొళాయికాడికి పో. శానా వస్తాండాయి.”

“ఎగతాళి చేయొద్దు జేజీ. నేను నేర్చుకున్న పని అది.”

“గాలికి కొట్టుకపోయేది గూడా ఒగ పనేనా? గాలికి చిత్తుకాగితం గూడా పోతాది. దానికెవురు నేర్పినారు?”

నా మనవరాలు నవ్వలేదు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం మీది మూత తీసి, మళ్ళీ పెట్టింది. జమ్మలమడుగులో అది అద్దెకుంటున్న గది అది. ప్రొద్దుటూరు నుంచి నేను పొద్దున బస్సుకే వచ్చి కూర్చున్నాను, దాన్ని వెంటబెట్టుకుని పోదామని. మా చిన్నకొడుకు కూతురు. గండికోట దగ్గర పెన్నకు అడ్డంకట్టి నిలిపిన నీళ్ళలో, చూడవచ్చిన వాళ్ళను పడవల్లో తిప్పే చోట పనిచేస్తుంది. మోటారు పడవలు వేరేవాళ్ళు నడుపుతారు. ఇది నడిపేది తెరచాప పడవ. ఎక్కడో పెద్ద చెరువు మీద నేర్పిస్తుంటే పోయి నేర్చుకుని వచ్చింది. వాళ్ళ నాయన సరేనన్నాడు. నన్నెవరూ అడగలేదు.

“నువ్వు ఒగసారన్నా ఎక్కి చూసినావా జేజీ?” అంది. “చూడకుండానే వద్దంటాండావు. ఈ పొద్దు నాతో పడవెక్కు. దిగినాక గూడా వద్దంటే, మల్ల మాట మాట్లాడను. సోమారం బట్టలంగట్లో ఉంటా.”

“మాటేనా?”

“మాటే.”

నాకది సులువైన బేరంగా తోచింది. ఎక్కడం, దిగడం, వద్దనడం. అంతే కదా అనుకున్నాను.

నాకు నీళ్ళంటే భయమని అప్పటికి దానికి తెలియదు. మాది గొర్రెల ఇల్లు. పుట్టిల్లు పులివెందుల పక్క పల్లె. వాగులో మోకాటి లోతు నీళ్ళు పారితే గొర్రె ఆగిపోతుంది, దాని వెనక మేమూ ఆగిపోతాం. మెట్టినాక చూసిన పెన్న కూడా ఇసకే. చెలమ తవ్వి, చిప్పతో నీళ్ళు తోడి బిందె నింపుకున్నాం. ఎండాకాలం ఏట్లో నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు పెళ్ళిళ్ళకు పోయాం. ఇంత లోతు నీళ్ళు, కొండల మధ్య కదలకుండా నిలబడి ఉండటం, నా వయసు సగం దాటాక వచ్చింది. దాని ఒడ్డుకు నేనెప్పుడూ పోలేదు. పోవాల్సిన పనీ లేకపోయింది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక అది వాళ్ళ పెద్దసారును అడిగి పడవ తీసింది. నాకు నారింజ రంగు జాకెట్టొకటి తొడిగి, ముందర బిగించింది. ఊపిరి ఆడలేదు.

“ఇదేందే, ఎద్దుకు పట్టెడ కట్టినట్టు?”

“మునగకుండా తేలేదానికి.”

“అంటే మునిగేది ఉండాదన్నమాట.”

“నీతో నాకు కాదు జేజీ,” అని, చేయి పట్టుకుని లోపల దించింది.

పడవ మధ్యలో పొడుగాటి కొయ్య. ఆ కొయ్య మొదట్లో నన్ను కూర్చోబెట్టింది. నా పక్కనే ఒక తాడు కొయ్య వెంబడి పైకి పోయింది. “ఇది మాత్రం ముట్టుకోవద్దు,” అంది. “తెరచాపను పైన నిలబెట్టేది ఇదే. ఇది వదిలితే గుడ్డ మొత్తం కిందికొస్తాది.” తాడు లాగేసరికి గుడ్డ లేచి కొయ్య నిండా విచ్చుకుంది. పెళ్ళికి కొన్న పంచెలాగా తెల్లగా ఉంది.

“ఇంత తెల్లగుడ్డ ఎందుకే? మాయదా? పైగా ఈ కొండలన్నిటికీ కనబడతాంది.”

“కనబడేదానికే జేజీ.”

ఒడ్డు వెనక్కు పోయింది. మోటారు లేదు, చప్పుడు లేదు. నీళ్ళు పడవ కింద గొణుగుతున్నాయి, అంతే. గాలి కొట్టినప్పుడల్లా పడవ ఒక పక్కకు ఒరిగేది. ఒరిగిన పక్కన నీళ్ళు నా మోచేతి దాకా వచ్చేవి. పచ్చగా కాదు, నల్లగా కాదు, అడుగు కనబడని రంగు. నేను కొయ్యను వాటేసుకున్నాను.

“కింద ఎంత లోతుంటాది పాపా?”

“తెలీకపోతేనే మంచిది నీకు.”

అది చుక్కాని పట్టుకుని, గాలి మొహానికి తగిలేట్టు తల తిప్పి, నన్ను కూడా మరిచిపోయి కూర్చుంది. వాళ్ళ తాత మంద ముందర నిలబడి వాన ఎటు నుంచి వస్తుందో చూసేటప్పుడు అట్లాగే ఉండేవాడు. అది చూసినాక కూడా నా మనసు మారలేదు. దిగగానే వద్దని చెప్పాలనే కూర్చున్నాను.

ఒక మలుపు తిరిగాక రెండు పక్కలా ఎర్రరాళ్ళు గోడల్లాగా నిలబడ్డాయి. పొద్దు ఆ రాళ్ళ వెనక్కు పోయింది. పైన ఆకాశంలో ఇంకా వెలుతురుంది గానీ నీళ్ళ మీదికి నీడ దిగింది. పిల్ల వెనక్కు తిప్పాలని చూస్తే గాలి తిరగనివ్వలేదు. సన్నగా, మా వెనక నుంచే తోస్తోంది.

“ఇంత దూరం నేనెప్పుడూ రాల్యా జేజీ. ఉండు, గాలి మారినాక తిరుగుదాం.”

“మారకపోతే?”

అది చుక్కానిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కనబడ్డాయి అవి. ముందర, నీడ మరీ చిక్కగా ఉన్న చోట, నీళ్ళ మీద గుండ్రంగా నల్లటివి. కోళ్ళను మూసే గంపను బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి నీళ్ళలో వదిలితే ఎట్లుంటుందో అట్లా ఉన్నాయి, కాకపోతే మనుషులు పట్టేటంత పెద్దవి. పడవకైతే ముందూ వెనకా ఉంటుంది. వీటికి లేవు. ఒక్కోటి తన చుట్టూ తాను తిరుగుతూ, ఎటు పోతుందో తెలియకుండా దగ్గరికొస్తోంది. ఒక్కో గంపలో తలగుడ్డ చుట్టుకున్న ఆకారాలు రెండేసి. మధ్యలో గోనెసంచి కప్పిన కుప్ప.

“ఏందే అవి?”

“పుట్లు జేజీ. చేపలోళ్ళవి. తూర్పు నుంచి వచ్చి ఒడ్డున గుడిసెలేసుకోని ఉండారు.”

ఆ మాట అయిందో లేదో, ధబ్ మని చప్పుడు. వెంటనే ఇంకొకటి. రాతిగోడ దాన్ని అందుకుని అవతలి గోడకు కొట్టింది. ఆ గోడ మళ్ళీ ఇటు కొట్టింది. అన్ని పక్కల నుంచీ వస్తున్నట్టుంది.

“చేపలు పట్టేవాళ్ళు అట్ల సప్పుడు చేస్తారంటే? చేపలు పారిపోవా?”

పిల్ల కూడా మొదటిసారి వింటున్నట్టు చెవి పెట్టింది.

నేను పుట్టిన పల్లెలో రెండు ఇళ్ళ మధ్య పాత పగ ఉండేది. మాకు దానితో సంబంధం లేదు గానీ, ఆ రెండిళ్ళ మధ్యనే మా ఇల్లు. రాత్రి నాటుబాంబుల చప్పుడు వినబడితే ఏం చేయాలో మాకు నడక నేర్పినప్పుడే నేర్పారు. దీపం ఆర్పాలి. తీగ మీద తెల్లబట్ట ఏదైనా ఆరేసి ఉంటే లాగేయాలి, తెల్లది చీకట్లో మనిషిలాగా కనబడుతుంది కాబట్టి. ఆ తర్వాత నేలకు కరుచుకుని పడుకోవాలి. పలకకూడదు. మా నాయన పంచెను మా అమ్మ తీగ తెగేట్టు లాగడం నేను చాలాసార్లు చూశాను. ఆ ఇళ్ళవాళ్ళు బాంబులను గంపల్లో ఊక పోసి, పైన గోనెసంచి కప్పి మోసుకుపోతారని కూడా చెప్పుకునేవాళ్ళు.

గంపలు వస్తున్నాయి. సంచి కప్పి ఉంది. చప్పుడు వినబడుతోంది. మా తల మీద ఇంత తెల్లగుడ్డ ఊగుతోంది.

నేను ఆలోచించలేదు. నా చెయ్యి తాడు మీదికి పోయింది. మేకల పలుపులు విప్పిన చెయ్యి. ముడి ఒక్క లాగుకు వచ్చేసింది. తెరచాప గుభాల్న జారి, గుడ్డ అడుగున కట్టిన అడ్డకొయ్యతో సహా మా మధ్య పడింది.

“జేజీ! ఏం చేసినావే!”

“గమ్మునుండు! పండుకో! పలకొద్దు!” అని దాని తల పట్టుకుని కిందికి అణిచాను.

“వదులు జేజీ, పడవ పోతాంది, వదులు!”

నేను వదల్లేదు. గుడ్డ కింద ఇద్దరం. దాని గుండె నా చేతికి తగులుతోంది. గుడ్డ లేకపోతే పడవ నిలబడుతుందని నేననుకున్నాను, బండి విప్పితే నిలబడినట్టు. నిలబడలేదు. గాలి దాన్ని పక్కవాటుగా తోసుకుపోయింది. ఉన్నట్టుండి కింద ఏదో పట్టి లాగినట్టయింది. పడవ ఒరిగి ఆగిపోయింది. నీళ్ళు లోపలికి వచ్చి నా చీర తడిసింది. అదే సమయంలో పక్కన ఏదో మెత్తగా వచ్చి గుద్దుకుంది.

“ఎవులది? ఎవులమ్మా లోపల?”

ఆడగొంతు. నేను పిల్లను ఇంకా గట్టిగా అణిచాను.

“గుడ్డ దించీసి నీడలో కూకున్నారేటి? గుడ్డుంటే దూరం నుంచే సూసి తప్పుకుందుం గదా! ఇంకాసేపుంటే మీ మీదికి ఎక్కించీసేవోలం!”

పిల్ల నా చేయి విదిలించుకుని లేచింది. నేను గుడ్డ అంచు ఎత్తి చూశాను. పుట్టిలో ఒక ఆడమనిషి తెడ్డు పట్టుకుని కూర్చుని ఉంది. దాని మొగుడు గంప అంచు పట్టుకుని వంగి, మా పడవ కిందికి చూస్తున్నాడు. వెదురు బద్దల గంప, బయట తారు పూసిన పట్ట. కత్తీ లేదు, కట్టె లేదు.

“ఆ సంచి కింద ఏముండాది?” అన్నాను.

“ఏటుంటాది? వల. బంగారమనుకున్నావేటి?”

“మల్ల ఆ సప్పుడేంది?”

ఆమె తెడ్డు ఎత్తి నీళ్ళ మీద ఒక దెబ్బ వేసింది. ధబ్ మంది. “సేపల్ని వలలోకి తోల్తన్నాం. మీ ఊళ్ళో గొర్రెల్ని అదిలించి దొడ్లోకి తోలరేటి? పొద్దుకాడ నుంచి తోలుకొచ్చినవి, మీ పడవ దెబ్బకి అన్నీ పోనాయి.”

మొగుడు తల ఎత్తాడు. మా పడవ అడుగున నీళ్ళలోకి దిగే పలక ఉంటుందట, అది వలలో చిక్కుకుందట. పైన ఒక మనిషి బరువు తగ్గితే వల తప్పించవచ్చు, లేకపోతే కోసేయాలి అన్నాడు.

“ముసిలమ్మని ఇటు దించు పాపా,” అంది ఆడమనిషి.

“నేను దిగను. ఆ గంపలోకా?”

“దిగకపోతే వల కోసీమంటావా? సెప్పు, కోసీమను.”

పొట్ట పోసుకునే వలను కోయమని నా నోటితో ఎట్లా అంటాను? నా ఇంట్లో తాడు తెగితే ముడేసి ఇంకో పదేళ్ళు వాడతాను.

“సెప్పులిప్పీసి ఇటియ్యి,” అంది. “అంచు మీద కాలెయ్యకు. నడిమధ్యన ఎయ్యి, ఏసినవెంటనే కూకో.”

ఒక చేతిని పిల్ల, ఒక చేతిని ఆమె పట్టుకున్నారు. కాలు పెట్టగానే కింద వెదుళ్ళు కదిలాయి, వాటి కింద నీళ్ళు కదలడం అరికాలికి తెలిసింది. కూలబడ్డాను. పుట్టి గిర్రున తిరిగింది. ఎర్రగోడ, ఆకాశం, పిల్ల, ఎర్రగోడ. నేను కళ్ళు మూసుకుని ఆమె మోకాలు పట్టుకున్నాను.

“వల వచ్చింది!” అన్నాడు మొగుడు.

కళ్ళు తెరిచేసరికి పడవ మా నుంచి దూరంగా పోతోంది. వల విడిచేసరికి గాలి మళ్ళీ దాన్ని పట్టుకుంది. రాతిగోడ వైపు పోతోంది. అందులో నా మనవరాలు ఒక్కతే ఉంది. కొయ్య మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ కుప్పలో తాడు కొస కోసం వెతుకుతోంది. ఆ తాడును అక్కడ కలిపేసింది నేను.

“ఆపండి నాయనా, పోయి పట్టుకోండి దాన్ని!”

“వలలో ఉన్నామమ్మా, పుట్టి అంత బేగి పోదు,” అన్నాడు మొగుడు. పెళ్ళాం అప్పటికే తెడ్డు వేస్తోంది. పుట్టి తిరుగుతోంది గానీ ముందుకు పోవడం లేదనిపించింది నాకు.

గోడ మొదట్లో రాళ్ళు నీళ్ళలో నుంచి పొడుచుకుని ఉన్నాయి. పడవ వాటి మీదికే పోతోంది.

“పాపా! దూకు! ఇటు దూకే!”

“గమ్మునుండు జేజీ!” అని అరిచింది అది, తల తిప్పకుండానే.

నేను నోరు మూసుకున్నాను. అంతకుముందు భయపడ్డది భయం కాదని అప్పుడు తెలిసింది. ఊళ్ళో చప్పుళ్ళకు పడుకున్నప్పుడు మా అమ్మ పక్కన ఉండేది, నేల ఉండేది. ఇక్కడ పట్టుకోవడానికి నాకు ఎవరిదో మోకాలు తప్ప ఏమీ లేదు. ఆమె దాన్ని వెనక్కు తీసుకోలేదు.

తాడు దొరికినట్టుంది. పిల్ల నిలబడి లాగింది. గుడ్డ సగం లేచి, తటతట కొట్టుకుంటూ చిక్కుకుంది. కిందికి వదిలి మళ్ళీ లాగింది. ఈసారి పైదాకా పోయింది. అది ఒక్క ఉరుకున వెనక్కు పోయి చుక్కాని మీద పడింది. అడ్డకొయ్య కొస రాతికి గీసుకున్న చప్పుడు నాకు ఇక్కడికి వినబడింది. ఆ తర్వాత గుడ్డ నిండింది. పడవ గోడ పక్కనే జారుతూ, మెల్లగా, చాలా మెల్లగా మొహం తిప్పుకుంది.

“కళ్ళు మూసుకోకమ్మా,” అంది ఆమె. “ఇప్పుడు గుడ్డ కనపడతంది సూడు. ఎక్కడున్నా కనపడతాది.”

కనబడింది. నీళ్ళు, రాళ్ళు, మనుషులు అన్నీ ఒకే రంగులోకి కలిసిపోతున్న ఆ వేళలో, అదొక్కటే తెల్లగా, గాలికి అడ్డంగా ఇటు కొంత దూరం, అటు కొంత దూరం పోతూ ఒడ్డు దిక్కుకు సాగింది. ఒడ్డు చేరేదాకా నేను దాని మీద నుంచి చూపు తీయలేదు. రెప్ప వేస్తే పోతుందేమోనని భయం. పుట్టి గిర్రున తిరిగినప్పుడల్లా మెడ తిప్పి మళ్ళీ వెతుక్కున్నాను.

వాళ్ళు నన్ను వాళ్ళ గుడిసెల దగ్గర దింపారు. ఆడమనిషి నా చెప్పులు తెచ్చి ముందర పెట్టి, “ఈసారొస్తే గుడ్డ దించకు, ముసిలమ్మా,” అంది. వెటకారమో, మంచికి చెప్పిందో తెలియదు. మా పక్క మాట కాదు కదా, ఏ మాట ఎట్లా అంటారో నాకు పట్టుబడదు.

పిల్ల పడవ కట్టేసి, ఒడ్డు వెంబడి పరిగెత్తుకుంటూ వచ్చింది. అరచేతులు తాడుకు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. నన్ను తిట్టలేదు. ఇద్దరం ఆటో ఎక్కి గదికి వచ్చాం. పొద్దున వండిన అన్నం మిగిలితే మజ్జిగ పోసుకుని తిన్నాం. అది ఉప్పు డబ్బా నా పక్కకు జరిపింది.

“చెప్పు జేజీ,” అంది చివరికి. “భయపడితివి గదా.”

“పడినా.”

“మల్ల?”

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

“మాటంటే మాటే. నువ్వు వద్దంటే సోమారం వస్తా,” అని లేచి, మూలనున్న సంచి తీసి, మడతపెట్టిన బట్టలు ఒక్కోటే అందులో పెట్టింది. ఆ జాకెట్టు మాత్రం బయట ఉంచింది, వాళ్ళ సారుకు తిరిగివ్వాలని.

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. కళ్ళు మూస్తే గోడ వైపు జారిపోయే పడవ. తెరిస్తే ఆ సంచి. దాన్ని తీసుకుపోయి కాళ్ళ కింద నేల ఉన్న చోట కూర్చోబెట్టడానికి నేనొక మాట అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాని వెనకే, “గమ్మునుండు జేజీ” అన్న దాని అరుపు కూడా వచ్చింది.

తెల్లవారింది. పిల్ల టీ పెట్టి నా ముందర ఉంచి, ఎదురుగా కూర్చుంది. నేను నా సంచిలో నుంచి ఎర్రచీర తీశాను. పాతదే గానీ ఇంకా రెండేళ్ళు కట్టుకోవచ్చు. కొంగు పక్కన పంటితో కొరికి, జానెడు వెడల్పున నిలువునా చించాను.

“ఇది ఆ కొయ్య పైన కట్టుకో,” అన్నాను. “తెల్లది ఏదన్నా అయ్యి కిందపడినా, ఇది కనబడతాంటాది.”

అది పీలికను మడిచి జేబులో పెట్టుకుంది. సంచిలో నుంచి బట్టలు తీసి మళ్ళీ తీగ మీద వేసింది. జాకెట్టు తీసుకుని పనికి పోయింది.

నేను ప్రొద్దుటూరు బస్సు ఎక్కాను. దిగి ఇంటికి పోకుండా ముందు బట్టలంగడికి పోయి, పిల్ల రాదని చెప్పి వచ్చాను.